‘చిన్నపిల్ల, మరిచిపోతుంది’ అన్నారు

చిన్నతనంలో లైంగిక హింసకు గురైన పిల్ల మీద ఆ దెబ్బ ఎంతకాలం ఉంటుందని అడిగితే, ఒడిశాలోని మా గజపతి జిల్లా తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఇప్పటికీ ఒక్కటే: చిన్నపిల్ల కదా, మరిచిపోతుంది. నా విషయంలోనూ ఆ మాటే అన్నారు. పర్లాకిమిడిలో మా ఇంట్లో ఉండి చదువుకోవడానికి వచ్చిన దగ్గరి బంధువు ఒకడు, నాకు ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పటి నుంచి దాదాపు రెండేళ్ళ పాటు నా పట్ల చేయరాని పనులు చేశాడు. అవేమిటో ఇక్కడ రాయను. అవి రాయకుండానే చెప్పవలసినది చెప్పవచ్చు. అమ్మకు సంగతి తెలిసిన మర్నాడే ఏదో సాకు చెప్పి అతన్ని ఊరికి పంపేసింది. నన్ను ఒడిలో కూర్చోబెట్టుకుని, "ఎవులికీ చెప్పకే గుంటా, చిన్నదానివి, మర్చిపోతావు" అంది. ఆ మాట ప్రేమతోనే అంది, అందులో నాకు అనుమానం లేదు. అవి ఎనభైల చివరి రోజులు. ఇంట్లో పెళ్ళి కావలసిన పిన్నులు ఉన్నారు, అతని కుటుంబంతో మాకు పొలం లావాదేవీలు ఉన్నాయి, మాట బయటికి పొక్కితే తప్పు చేసినవాడికంటే నాకే ఎక్కువ నష్టమని ఆమె అనుకుంది.

పిల్లలు మరిచిపోతారన్నది సగం నిజం. ఆ రెండేళ్ళ జ్ఞాపకాలు నాకు చాలావరకు లేవు. మూడో తరగతి పంతులమ్మ పేరు గుర్తు లేదు, ఆ ఏళ్ళలో వచ్చిన దసరాలు గుర్తు లేవు, బడిలో నా పక్కన కూర్చున్న పిల్లల ముఖాలు గుర్తు లేవు. తట్టుకోలేనిది జరుగుతున్నప్పుడు మనసు అక్కడి నుంచి తప్పుకుంటుందని, అందువల్లనే ఆ కాలమంతా చిల్లులు పడి మిగులుతుందని చాలా ఏళ్ళ తరవాత నాకు చికిత్స చేసిన మానసిక వైద్యురాలు చెప్పారు. మనసు తప్పుకున్న ఆ గంటల్లో శరీరం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంట్లో అందరూ ముగిసిపోయిందనుకున్న సంగతిని అది ముప్పై ఏళ్ళ పాటు తనకు చేతనైన పద్ధతిలో చెబుతూనే వచ్చింది. దానికి ఒకరు కడుపునొప్పి అని పేరు పెట్టారు, ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు మూర్ఛ అన్నారు, పెళ్ళయిన తరవాత అత్తవారింట్లో కొందరు నాటకమన్నారు.

పొత్తికడుపులో నొప్పి పన్నెండో ఏట మొదలైంది. నెలసరి వల్ల అనుకున్నారు, కానీ నెలంతా ఉండేది. బరంపురంలో స్కానింగులు తీశారు, విశాఖపట్నంలో మళ్ళీ తీశారు, ఒకచోట గర్భసంచి బాగుందన్నారు, ఇంకొకచోట పేగులు బాగున్నాయన్నారు. రిపోర్టు బాగుందని చెప్పిన ప్రతిసారీ ఇంట్లో వాళ్ళ ముఖాల్లో సంతోషం కంటే విసుగు ఎక్కువ కనిపించేది, ఎందుకంటే అంత డబ్బు పోసిన తరవాత కూడా నేను రాత్రి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకునే పడుకునేదాన్ని. తిన్నది ఇమడకపోవడం, పరీక్షల ముందూ పెళ్ళిళ్ళ ముందూ విరేచనాలు పట్టుకోవడం, దవడ బిగుసుకుపోవడం, నిద్రలో ఎవరైనా దుప్పటి సర్దినా కేక వేసి లేవడం, ఇవన్నీ వేర్వేరు జబ్బులుగా వేర్వేరు డాక్టర్ల దగ్గరకు వెళ్ళాయి.

పడిపోవడం పదహారో ఏట మొదలైంది. బంధువుల పెళ్ళిలో, భోజనాల పంక్తిలో, అతను వడ్డిస్తూ నా వరసలోకి వచ్చాడు. అంతవరకే నాకు తెలుసు. లేచేసరికి ముఖం మీద నీళ్ళు, చేతిలో తాళాల గుత్తి, చుట్టూ ఆడవాళ్ళు. దిష్టి తగిలిందని మొదట అన్నారు. రెండు నెలల్లో మళ్ళీ రెండు మూడుసార్లు పడిపోయాక మహేంద్రతనయ ఏటి అవతలి ఊరి నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించారు. అతను వేపమండలతో కొట్టి, తాయెత్తు కట్టి, నన్ను పట్టినది పెళ్ళికాకుండా పోయిన ఆడమనిషి అని చెప్పాడు. ఆ తరవాత డాక్టరు మూర్ఛ మాత్రలు రాశారు. ఫెనిటాయిన్ ఏళ్ళ తరబడి మింగాను. ఆ మందుకు చిగుళ్ళు వాచే గుణం ఉంది. పెళ్ళిచూపుల నాటికి నా చిగుళ్ళు పళ్ళ మీదికి దిగి ఉండేవి, నవ్వకుండా కూర్చోమని పిన్ని చెప్పింది. మందు వేసుకున్నా పడిపోవడం ఆగలేదు. మోతాదు పెంచారు. అప్పుడూ ఆగలేదు.

విశాఖపట్నంలో ఒక నరాల వైద్యుడు మొదటిసారి వేరే దారి పట్టారు. తలకు తీగలు అతికించి, ఎదురుగా కెమెరా పెట్టి, నేను పడిపోయే సమయంలో మెదడులోని విద్యుత్తు ఎలా ఉందో చూశారు. మూర్ఛలో కనిపించవలసిన గీతలు అందులో లేవు. ఆయన ఆ కాగితాలు పక్కన పెట్టి, మా ఆయన్ను కాసేపు బయట కూర్చోమని, నర్సమ్మను లోపలే ఉండమని చెప్పి, కుర్చీ నాకు కాస్త దూరంగా జరుపుకుని అడిగారు: "అమ్మా, మీరు నటిస్తున్నారని నేను అనడం లేదు. ఇలా పడిపోయేవాళ్ళలో కొంతమందికి చిన్నప్పుడు చాలా భయపెట్టిన సంఘటనలు జరిగి ఉంటాయి. మీ ఇష్టం లేకుండా మీ ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేశారా? ఇప్పుడే చెప్పనక్కర్లేదు. చెప్పకపోయినా వైద్యం చేస్తాను." అప్పటికి నాకు ముప్పై దాటాయి. అన్నేళ్ళలో నా కడుపును, తలను, రక్తాన్ని, మూత్రాన్ని ఎంతోమంది పరీక్షించారు గాని, ఈ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయనే. నేను ఆ రోజు జవాబు చెప్పలేదు, ఏడ్చాను. ఆయనకు అదే చాలు అనిపించింది కాబోలు, మాత్రలు మెల్లగా తగ్గిస్తూ నన్ను మానసిక వైద్యురాలి దగ్గరకు పంపారు.

అలా పడిపోవడం మూర్ఛ కాకపోయినా నటన కూడా కాదు; మనిషి అదుపులో లేని స్థితి అది. దీన్ని మూర్ఛగా పొరబడి మందులు వాడడం ప్రపంచమంతటా ఉంది. జర్మనీలో చేసి 2002లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఇటువంటి రోగులకు సరైన నిర్ధారణ జరగడానికి సగటున ఏడేళ్ళకు పైగా పట్టిందని తేలింది. అలా పడిపోయే ప్రతి ఒక్కరి వెనుకా లైంగిక హింస ఉంటుందని ఎవరూ అనుకోకూడదు, ఆ హింసకు గురైన ప్రతి ఒక్కరూ ఇలా జబ్బు పడతారనీ అనుకోకూడదు. కానీ సంబంధం ఉందన్నది మాత్రం గట్టిగా నిలబడిన విషయం. 2009లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు అంతవరకు వచ్చిన 23 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, లైంగిక హింసకు గురైనవాళ్ళలో కారణం దొరకని జీర్ణకోశ బాధలు, ఫలానా చోటని చెప్పలేని దీర్ఘకాలిక నొప్పులు, పొత్తికడుపు నొప్పి, మూర్ఛ కాని మూర్ఛలు మిగతావాళ్ళలో కంటే ఎక్కువగా కనిపించాయి. ఆ జాబితాను నా వైద్యురాలు తెలుగులో చదివి వినిపించినప్పుడు నా పాత ఫైలులోని చీటీలన్నీ ఒకే చోట పేర్చినట్టు అనిపించింది.

శరీరంలో జరిగేది ఏమిటో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ప్రమాదం కనిపించినప్పుడు మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణం మందగిస్తుంది. ప్రమాదం పోయాక ఇదంతా సర్దుకోవాలి. రోజూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి వల్ల, ఎప్పుడు వస్తుందో తెలియని భయంతో పెరుగుతున్న పిల్లలో అది సర్దుకోదు. ఒకసారి దొంగలు పడిన ఇంటి కుక్క ఆ తరవాత ఆకు రాలినా మొరిగినట్టు, ఆ హెచ్చరిక వ్యవస్థ ప్రమాదానికీ మామూలు చప్పుడుకూ తేడా చూడడం మానేస్తుంది. ఎదిగే వయసులో మెదడూ గ్రంథులూ ఇంకా రూపు దిద్దుకుంటూ ఉంటాయి కాబట్టి ఆ పద్ధతే వాటికి అలవాటైపోతుంది. అమెరికాలో ఫ్రాంక్ పుట్నమ్, పెనెలోప్ ట్రికెట్ అనే పరిశోధకులు 1987లో మొదలుపెట్టి, హింసకు గురైన బాలికలను, గురికాని బాలికలను పక్కపక్కనే దశాబ్దాల పాటు గమనించారు. హింసకు గురైనవాళ్ళలో యుక్తవయసు లక్షణాలు త్వరగా రావడం, పెద్దయ్యాక స్థూలకాయం, నిద్ర చెడిపోవడం, తమ శరీరాన్ని తామే గాయపరచుకోవడం ఎక్కువగా ఉన్నాయి.

శాన్ డియేగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడికి ఎదురైన సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 1980ల్లో ఆయన బరువు తగ్గించే చికిత్సాలయం నడిపేవారు. అక్కడ బాగా బరువు తగ్గుతున్న రోగులే మధ్యలో మానేసి వెళ్ళిపోతూ ఉండడం ఆయనకు అంతుపట్టలేదు. వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడితే, వారిలో చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవాళ్ళని తెలిసింది. కొందరికి ఆ బరువే రక్షణ, అది తగ్గి మగవాళ్ళ చూపు మళ్ళీ తమ మీద పడేసరికి వాళ్ళు భయంతో వెనక్కి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆయన రాబర్ట్ ఆండాతో కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ బాల్యం గురించి అడిగారు. 1998లో వచ్చిన మొదటి ఫలితాల్లో, బాల్యంలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల కష్టాలు పడినవాళ్ళకు తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం వంటివి ఎదురయ్యే అవకాశం అటువంటివేవీ లేనివాళ్ళతో పోలిస్తే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కాలేయపు జబ్బు కూడా కష్టాల సంఖ్యతో పాటు పెరుగుతూ వచ్చాయి. మా వీధిలో నలభై ఏళ్ళకే తాగి పోయిన మగవాళ్ళను తలుచుకున్నప్పుడు, వాళ్ళ బాల్యం గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న వేసి ఉంటారా అని నాకు ఇప్పుడు అనిపిస్తూ ఉంటుంది.

మగపిల్లల మాట ఇక్కడే చెప్పాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలను అడిగితే, 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక హింసను ఎదుర్కొన్నామని చెప్పారు. వాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సుమారు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మకంగా మసలవలసినవాళ్ళు. గంజాం తీరం నుంచి చేపల వేటకు చెన్నైకో గుజరాత్‌కో, పనికి సూరత్‌కో పోయే కుటుంబాల్లో పిల్లలు ఎవరో ఒకరి ఇంట్లో, ఏదో ఒక హాస్టల్లో పెరుగుతారు. మగపిల్లవాడికి ఏమవుతుందిలే అన్న ధీమా ఈ ప్రాంతంలో ఆడపిల్లల మీద పెట్టే కాపలాకు సమానంగా ఉంది. రెండూ పిల్లలను కాపాడలేదు.

మనసు మీద పడే దెబ్బల్లో భయం కంటే నన్ను ఎక్కువ తిన్నది సిగ్గు. తప్పు నాదేనన్న నమ్మకం నాకు ఎవరూ నేర్పలేదు, అయినా వచ్చింది. పిల్లలకు పెద్దవాళ్ళు చెడ్డవాళ్ళని నమ్మడం కంటే తాము చెడ్డవాళ్ళమని నమ్మడం తేలికని వైద్యురాలు అన్నారు, ఎందుకంటే పెద్దవాళ్ళ మీద ఆధారపడకుండా పిల్ల బతకలేదు. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో, దీర్ఘకాలం సాగిన హింస వల్ల వచ్చే ఈ స్థితికి ప్రత్యేకంగా చోటు ఇచ్చారు. పీడకలలు, జరిగినది మళ్ళీ జరుగుతున్నట్టు అనిపించడం, ఎప్పుడూ అప్రమత్తంగా ఉండడం వంటి వాటితో పాటు, ఉద్వేగాలను పట్టుకోలేకపోవడం, తాను పనికిరానిదాన్నన్న భావన, మనుషులకు దగ్గర కాలేకపోవడం అందులో లక్షణాలుగా ఉన్నాయి.

జరిగినది మళ్ళీ జరుగుతున్నట్టు అనిపించడం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. అతను పొద్దున్నే గుడాఖు రుద్దుకునేవాడు. బెల్లం పాకంలో పొగాకు కలిపిన ఆ నల్లటి ముద్ద వాసన మా ప్రాంతంలో ప్రతి వీధి కుళాయి దగ్గరా ఉంటుంది. ఒకసారి బరంపురం బస్సులో ముందు సీటులో కూర్చున్న ముసలామె డబ్బీ మూత తీసి వేలితో చిగుళ్ళకు రాసుకుంది. ఆమె నాకు ఏ హానీ చేయలేదు, నా వైపు తిరగను కూడా లేదు. నా అరచేతులు చల్లబడ్డాయి, చెవుల్లో హోరు, పక్కనున్న మా ఆయన మాట ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టు వినిపించింది, నా చేతుల వైపు చూసుకుంటే అవి ఎనిమిదేళ్ళ పిల్ల చేతుల్లా ఉన్నాయి. జ్ఞాపకం రాలేదు, బొమ్మ రాలేదు. ఒట్టి భయం మాత్రం వచ్చింది. నాకు మతి పోతోందని చాలా ఏళ్ళు నమ్మాను. వాసనకూ భయానికీ మెదడులో దగ్గరి దారి ఉందని తెలిశాక ఆ నమ్మకం పోయింది, భయం కొంత మిగిలింది.

కాన్పు గురించి ఆడవాళ్ళు కూడా తక్కువ మాట్లాడతారు. లోపలి పరీక్ష చేసేటప్పుడు నేను బిగుసుకుపోయి కాళ్ళు ముడుచుకుంటే, అక్కడి సిబ్బంది ఒకామె తొడ మీద చరిచి, "మొగుడి దగ్గర ఈ సిగ్గు లేదా" అంది. ఆ మాటతో నేను గదిలో లేకుండా పోయాను. పాప ఎప్పుడు పుట్టిందో, ఎవరు ఎత్తుకున్నారో నాకు గుర్తు లేదు. హింసకు గురైన ఆడవాళ్ళలో కొందరు గర్భాశయ పరీక్షలకు, పళ్ళ డాక్టరు కుర్చీకి కూడా దూరంగా ఉండిపోతారు, దాంతో నయం చేయగలిగిన జబ్బులు ముదురుతాయి. పరీక్షకు ముందు ఇప్పుడు ఏం చేయబోతున్నారో చెప్పడం, ఆపమంటే ఆపడం, అరుపులు లేకపోవడం చాలు. వీటికి డబ్బు ఖర్చు లేదు.

మా అమ్మాయికి ఎనిమిదో ఏడు వచ్చిన సంవత్సరం నాకు అన్నిటికంటే గడ్డుగా గడిచింది. అంతకుముందు కొన్నాళ్ళుగా ఆగిపోయిన పడిపోవడం మళ్ళీ మొదలైంది. ఆ పిల్ల గౌను వేసుకుని అద్దం ముందు నిలబడితే నాకు కోపం వచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. రాత్రులు తన మంచం పక్కన నేల మీద కూర్చునేదాన్ని. మా ఆయన తన కూతురిని ఎత్తుకున్నా నా గుండె ఆగేది, ఆయన మంచివాడని తెలిసి కూడా. హింస జరిగిన నాటి తల్లి వయసుకు బిడ్డ చేరినప్పుడు, ఆ తల్లిలో పాత గాయం ఇలా రేగడం చాలామందిలో చూశామని వైద్యురాలు చెప్పేవరకు, నేను తల్లిగా కూడా పనికిరానని అనుకున్నాను. ఆ ఏడాదే మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నువ్వు చెప్పకపోయినా నాకు కోపం లేదు, చెప్పావు కాబట్టి నీకు ఏం కావాలో చెప్పు" అన్నారు. ఇంట్లో వెనకనుంచి వచ్చి ముట్టుకోకూడదని, పడకగది దీపం ఆర్పకూడదని అడిగాను. నేటికీ అవి పాటిస్తున్నారు.

బయటపెట్టినప్పుడు ఎదుటివాళ్ళు ఏమంటారన్నది పిల్ల తరవాతి జీవితం మీద చాలా ప్రభావం చూపుతుంది. తప్పు చేయని తల్లో తండ్రో నమ్మి, పిల్ల పక్షాన నిలబడితే గాయం మానే అవకాశం ఎంతో పెరుగుతుందన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్ళు చాలామంది చెప్పే మాట. మా అమ్మ నన్ను నమ్మింది, అతన్ని పంపేసింది; అది చిన్న విషయం కాదు, ఆమె అది కూడా చేయకపోతే నేను ఇవి రాసేదాన్ని కాదేమో. కానీ ఆ తరవాత ముప్పై ఏళ్ళు ప్రతి పెళ్ళికీ అతన్ని పిలిచారు, నన్ను అతని కాళ్ళకు దండం పెట్టించారు. ఆ దండం పెట్టిన రాత్రుల్లోనే నాకు నొప్పి ఎక్కువగా ఉండేదని అమ్మ గమనించిందో లేదో నేను అడగలేదు. ఆమె పోయింది. ఆమె మీద నాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది, ఈ రెంటినీ ఒకటి చేసే ప్రయత్నం మానేశాను. అతను పాల్గొనే శుభకార్యాలకు నేను ఇప్పుడు వెళ్ళను. ఎందుకు వెళ్ళనో అడిగినవాళ్ళకు కారణం చెబుతున్నాను.

నా చిన్నతనంలో లేని చట్టం ఇప్పటి పిల్లలకు ఉంది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టడానికి 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. సంగతి తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరం, కాబట్టి పరువు కోసం ఇంట్లోనే సర్దుకోవడానికి బంధువులకు గాని బడివాళ్ళకు గాని అధికారం లేదు. పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లోనో తనకు నచ్చిన చోటనో, వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. కోర్టులో నిందితుడు పిల్ల కంటపడకుండా చూడాలి. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనం గట్టిగా పట్టుకోవలసినది ఒకటుంది: రాసుకుంటున్న భాష పిల్లకు అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. తెలుగు తప్ప రాని పిల్ల చేత వచ్చీరాని ఒడియాలో చెప్పించనక్కర్లేదు, పక్కింటాయన్ను దుబాసీగా తెచ్చుకోనక్కర్లేదు. అడిగితే ఇచ్చి తీరాలి. సంఘటన సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు జరిగి పిల్ల పర్లాకిమిడిలో ఉన్నా, ఇటు జరిగి అటు ఉన్నా, మా పరిధి కాదని స్టేషను వాళ్ళు వెనక్కి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. పిల్లల కోసం 1098 అనే సహాయ ఫోను నంబరు ఉంది. పెద్దవాళ్ళైన నాలాంటివాళ్ళకు, బతకాలని అనిపించని రాత్రుల్లో కూడా, 14416 ఉంది; అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ, 2022 అక్టోబరులో మొదలైంది, అందులో తెలుగును ఎంచుకుని మాట్లాడవచ్చు.

చికిత్స గురించి కొంత చెబుతాను, ఎందుకంటే జరిగినదంతా మళ్ళీ వివరంగా చెప్పించి ఏడిపిస్తారన్న భయంతో చాలామంది వెళ్ళరు. నాకు మొదటి నెలల్లో ఆ సంగతి అసలు అడగలేదు. పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు పైకి చెబుతూ, ఈ రోజు ఏ తేదీయో చెప్పుకుంటూ ప్రస్తుతానికి తిరిగి రావడం నేర్పారు. గుడాఖు వాసన వచ్చినప్పుడు చేయవలసినది అదే. ఆ పట్టు దొరికాక, నేను సిద్ధమన్నప్పుడు, కొద్దికొద్దిగా గతంలోకి వెళ్ళాం. గాయాన్ని నేరుగా పట్టించుకునే ఆలోచనా ప్రవర్తనా చికిత్సను, కళ్ళ కదలికలతో చేసే ఇ.ఎం.డి.ఆర్. చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సూచించింది. నాకు చేసినది మొదటిది. విశాఖపట్నం దాకా రైలు ప్రయాణం, సెలవు, ఖర్చు మా వంటి ఇళ్ళకు తేలిక కాదు. కరోనా కాలం నుంచి ఫోనులో వీడియో మీద మాట్లాడే వీలు కలగడం వల్లనే నా చికిత్స మధ్యలో ఆగిపోలేదు. పడిపోవడం పూర్తిగా పోయింది. కడుపునొప్పి తగ్గింది గాని పోలేదు, నిద్ర ఇప్పటికీ పలుచగానే ఉంటుంది. వీటితోనే పని చేసుకుంటున్నాను, పిల్లను చదివించుకుంటున్నాను.

ఏ రిపోర్టులోనూ దొరకని నొప్పితో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ, దీనికీ ఆ పాత సంగతికీ సంబంధం ఉందేమోనని లోలోపల అనుమానిస్తున్నవాళ్ళు దీన్ని చదువుతూ ఉంటే, నోటితో చెప్పనక్కర్లేదు, కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వవచ్చు. నేను అలాగే ఇచ్చాను. అందులో ఇంతే ఉంది: "చిన్నతనంలో నాపై లైంగిక హింస జరిగింది. వివరాలు అడగవద్దు. పరీక్ష చేసే ముందు ప్రతిదీ చెప్పండి, ఆపమన్నప్పుడు ఆపండి. మహిళా సిబ్బంది తోడుగా ఉండాలి." మా జిల్లాలో తెలుగు చదవలేని డాక్టర్లే ఎక్కువ కాబట్టి, ఆ నాలుగు వాక్యాలను బడిలో ఒడియా చెప్పే స్నేహితురాలి చేత రాయించి, వెనకవైపు అతికించుకున్నాను. ఇంతవరకు ఆ చీటీ అందుకున్న వైద్యుల్లో చాలామంది దాన్ని చదివి, తలుపు మూసి, మెల్లగా మాట్లాడారు. ఒకరిద్దరు విసుక్కున్నారు, వాళ్ళ దగ్గర పరీక్ష చేయించుకోకుండా లేచి వచ్చేశాను.